ఆరులో ఎంతమంది చేరారు? పదిలో ఎంతమంది రాశారు?



పదో తరగతి ఫలితాలు వచ్చి ఐదు రోజులైంది. మండపేట కలువపువ్వు సెంటర్‌లో నిలబడితే ఎటు చూసినా ఫ్లెక్సీలే. పిల్లల ఫోటోలు, ఫోటోల కింద మార్కులు, పైన బడి పేరు, పక్కన కరస్పాండెంట్ గారి ఫోటో. కొన్నిటిలో పిల్లల కంటే ఆయనే పెద్దగా ఉన్నారు.

2025 ఏప్రిల్ 23న ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది. రాష్ట్రంలో 6,14,459 మంది పరీక్ష రాశారు. 4,98,585 మంది పాసయ్యారు. 81.14 శాతం. అమ్మాయిలు 84.09, అబ్బాయిలు 78.31. అమ్మాయిలదే పైచేయి అని ఏటా రాసే వార్తే ఈసారీ వచ్చింది.

సంతోషం. పాసైన ప్రతి పిల్లకీ నా అభినందనలు. ముఖ్యంగా మన పేటల నుంచి, కాలనీల నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్లి రాసి వచ్చిన పిల్లలకు.

కానీ ఈ వారం నేను రాయాలనుకున్నది ఆ 81.14 గురించి కాదు. దాని కింద ఉన్న 6,14,459 గురించి. శాతం కట్టేటప్పుడు భాగించే అంకె అది. పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెట్టే అంకె. దారిలో ఆగిపోయినవాళ్లు ఆ అంకెలో లేరు. కాబట్టి వాళ్లు ఫెయిలవ్వలేదు కూడా. ఒక బడిలో నలుగురు బలహీనమైన పిల్లలు తొమ్మిదిలోనే మానేస్తే ఆ బడి శాతం పెరుగుతుంది. పిల్లలు పోయేకొద్దీ ఫ్లెక్సీ మెరుగయ్యే లెక్క ఇది.

ఇది నాకు కొత్తగా తట్టిన విషయం కాదు. కానీ మొన్న ఫిబ్రవరిలో కళ్లారా చూశాను. అది చెప్తాను.

మా వైపు ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్ వార్షికోత్సవానికి నన్ను అతిథిగా పిలిచారు. బడి పేరు రాయను. రాస్తే అక్కడి హెచ్చెమ్ మేడంగారికి లేనిపోని తలనొప్పి. నిజానికి ఆవిడ మంచి మనిషి. సొంత డబ్బుతో పిల్లలకు స్టడీ అవర్‌లో అటుకులూ బెల్లం పెట్టే మనిషి.

షామియానా వేశారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద బడి పేరు, మండపేట మండలం, ఆ కింద "కోనసీమ జిల్లా". అంతే. అంబేద్కర్ పేరు లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది, మే 18న పేరు మార్పు ప్రకటన వచ్చింది, మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు, ఆ తర్వాత పేరు ఖాయమైంది. ప్రభుత్వ రికార్డులో "డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా" అనే ఉంది. ఫ్లెక్సీలో మాత్రం "చోటు సరిపోలేదండి" అన్నారు. దాతల పేర్లు పదకొండు పట్టిన ఫ్లెక్సీ అది. నేను వేదిక మీద మాట్లాడినప్పుడు జిల్లా పూర్తి పేరు రెండుసార్లు పలికాను. వెనక వరసల్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కొట్టలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేస్తున్నా. ఈ రోజు విషయం అది కాదు.

హెచ్చెమ్ గారు వార్షిక నివేదిక చదివారు. గత ఏడాది పది ఫలితాల శాతం, మొదటి ముగ్గురి పేర్లు, కబడ్డీలో జోనల్ దాకా వెళ్లిన జట్టు, ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలు, దాతలిచ్చిన ఫ్యాన్లు, బీరువా. ప్రతి పేరుకీ చప్పట్లు. ఒక ప్రభుత్వ బడికి ఏడాదిలో ఉండే మైలురాళ్లు ఇవే కదా.

ప్రసంగాలయ్యాక డాన్సులు మొదలయ్యాయి. నేను కుర్చీ వదిలి వెనక్కి వెళ్లాను. ముందు మూడు వరసల కుర్చీల్లో దాతలు, వార్డు పెద్దలు, వాళ్ల బంధువులు. వెనక టార్పాలిన్ మీద మన ఆడవాళ్లు. అందులో సగం మంది అమ్మమ్మలు, నాయనమ్మలు. ఎందుకంటే అమ్మలు ఇక్కడ లేరు. కువైట్‌లో ఉన్నారు, మస్కట్‌లో ఉన్నారు, దుబాయ్‌లో ఉన్నారు.

ఒక పెద్దావిడ ఫోను తల మీదికి ఎత్తి పట్టుకుని కూర్చుంది. అందులో ఒక ముఖం. "ఎత్తమ్మా, ఇంకాస్త ఎత్తు, ఎవరిదో కొప్పు అడ్డమొస్తంది" అంటోంది ఆ ముఖం. ఆవిడ చెయ్యి వణుకుతోంది. నేను పక్కన కూర్చుని ఫోను అందుకుని పట్టుకున్నాను.

"మీరెవరి తాలూకమ్మా?" అంది పెద్దావిడ. మా ఊరు చెప్పాను, మా నాన్న పేరు చెప్పాను. "ఓస్, మనోళ్లే" అని జరిగి చోటిచ్చింది.

పాట అయిపోకుండానే ఫోనులో ఆవిడ "మామా పిలుస్తంది, పెట్టేస్తన్నా" అని కట్ చేసేసింది. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు.

పెద్దావిడకు అటుపక్క ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పదిహేను, పదహారేళ్లుంటాయి. చీర, మెడలో నల్లపూసలు. వేదిక మీది పాట మొత్తం పెదాలతో పాడుతోంది. అడుగులు కూడా వచ్చనుకుంటా, కూర్చున్నచోటే కాలి వేళ్లు కదులుతున్నాయి.

"పెద్ద మనవరాలండి. ఆ డాన్సేసేది దీని చెల్లెలు, ఎనిమిది. ఇది కూడా ఈ బళ్లోనే సదివింది. తొమ్మిదిలో మానిపించేసేం" అంది పెద్దావిడ. సిగ్గుపడుతూ చెప్పలేదు, గర్వంగానూ చెప్పలేదు. వర్షం పడింది అన్నట్టు చెప్పింది.

ఆ అమ్మాయి నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "టెన్త్ వాళ్లకి గ్రూప్ ఫోటో ఈ రోజే తీస్తారాండి?"

ఆ రోజే తీశారు. నాలుగు వరసల్లో పిల్లలు, మధ్యలో టీచర్లు. ఆ అమ్మాయి షామియానా గుంజ పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ నాలుగు వరసల్లో చాలామంది ఆ పిల్లతో పాటు ఆరులో చేరినవాళ్లే.

ఇప్పుడు ఈ బ్యాచ్ ప్రయాణం ఒకసారి చూడండి. 2025 మార్చిలో పది రాసిన పిల్లలు ఆరో తరగతిలో చేరాల్సింది 2020 జూన్‌లో. హైస్కూల్ మొదటి రోజు బడి గేటు మూసి ఉంది. కరోనా. ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉన్న పిల్ల పాఠం విన్నది, లేని పిల్ల వినలేదు. అన్నయ్య ఉన్న ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్యది. 2022లో ఏడు పూర్తయ్యింది. ఆ వేసవిలోనే అమలాపురం మంటలు. అటువైపు రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. గల్ఫ్‌లో ఉన్న తల్లులకు పిల్లల ముఖం కనపడలేదు. 2023లో ఎనిమిది పూర్తయ్యింది. అక్కడితో చట్టం చెయ్యి వదిలేసింది.

చట్టం చెయ్యి వదిలేయడం అంటే ఏమిటో విద్యార్థి మిత్రులు జాగ్రత్తగా గమనించాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిదిలో పిల్ల బడికి రాకపోతే ఆ చట్టం కింద అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇక బాలకార్మిక చట్టం. 2016 సవరణ ప్రకారం 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్య ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే నిషేధం. అంటే చదువు హక్కు ఏ వయసులో ఆగిందో సరిగ్గా అదే వయసులో పనికి తలుపు తెరుచుకుంది. కోళ్లఫారంలో గుడ్లు ఏరడానికి, మిల్లు దగ్గర నూకలు చెరగడానికి, ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఆ వయసు చాలు.

పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో ప్రభుత్వానికి తెలియక కాదు. ఎన్‌ఎంఎంఎస్ పథకం లక్ష్యమే ఎనిమిది తర్వాత బడి మానకుండా చూడటం. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. ఎస్సీ పిల్లలకు తొమ్మిది, పది తరగతుల్లో కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ పెట్టింది 2012లో. కన్నం ఎక్కడుందో తెలుసు కాబట్టే అక్కడ అతుకు వేశారు. కానీ ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి గెలిచిన పిల్లకు. గెలవలేని పిల్లే కదా ముందు మానేసేది.

ఇంకో చట్టం ఉంది. మన ఆడవాళ్ల జీవితాన్ని అన్నిటికంటే ఎక్కువగా తాకే చట్టం, దాని గురించి మనం అంబేద్కర్ జయంతి సభల్లో ఎప్పుడూ మాట్లాడం. 1983 ఎమిగ్రేషన్ చట్టం. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండితేనే ఆ క్లియరెన్స్ ఇస్తారు. పది పాసైతే ఆ ముద్ర లేదు, ఆ తనిఖీ లేదు.

30 ఏళ్ల నిబంధన ఆడవాళ్ల రక్షణ కోసమే పెట్టారు. కాదనను. కానీ మన పేటలో లెక్క వేసి చూడండి. పదిహేడేళ్లకు పెళ్లి, పద్దెనిమిదికి మొదటి బిడ్డ. తల్లికి ముప్పై నిండేసరికి ఆ బిడ్డకు పన్నెండు. ఆరో, ఏడో చదువుతుంటుంది. అంటే పెద్దకూతురు హైస్కూల్లో అడుగుపెట్టే రోజుల్లోనే తల్లి విమానం ఎక్కుతుంది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి తల్లి ఎవరు? తమ్ముడికి అన్నం పెట్టేదెవరు? నాన్న తాగి వస్తే తలుపు తీసేదెవరు? పన్నెండేళ్ల పిల్ల రెండేళ్లు అటూ ఇటూ లాగుతుంది. పెద్దమనిషి అవుతుంది. మేనమామ ఫ్లెక్సీ వేయించి ఫంక్షన్ చేస్తాడు. తొమ్మిదికి వచ్చేసరికి "తల్లి లేని ఇల్లు, వయసొచ్చిన పిల్ల, ఎంతకాలం కాపలా కాస్తాం" అనే మాట వస్తుంది. చెడ్డవాళ్లు అనరు ఆ మాట. భయపడ్డవాళ్లు అంటారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్ లెక్క 29.3 శాతం. 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు అంతమంది. దేశం మొత్తం మీద 23.3. వరి పండే, మిల్లులు నడిచే, రోడ్లున్న, కాలేజీలున్న మన రాష్ట్రం దేశం సగటు కంటే వెనక ఉంది.

తల్లి గల్ఫ్‌లో గిన్నెలు తోముతున్నది దేనికి? కూతురు గిన్నెలు తోమకూడదని. కూతురు పది పాసైతే ఆమె పాస్‌పోర్టు వేరు, ఆమె ఉద్యోగం వేరు. అంటే ఆ తల్లి పడే కష్టం ఫలించేది సరిగ్గా పదో తరగతి దగ్గర. ఆ ఒక్క ఏడాది ముందు పిల్ల ఆగిపోతే ఆ తల్లి పదేళ్ల పని నీళ్లలో పోసినట్టే. మళ్లీ పదిహేను, పదహారేళ్ల తర్వాత ఆ పిల్లకు ముప్పై నిండుతాయి. అదే ఈసీఆర్ పాస్‌పోర్టు, అదే విమానం.

నాకు ఇది పుస్తకంలో తెలిసిన విషయం కాదు. మా అమ్మ మస్కట్ వెళ్లినప్పుడు మా అక్క తొమ్మిదిలో ఉంది, నేను ఐదులో. అక్క మానేసింది. నేను చదివాను. నా డాక్టరేట్‌కి ఊళ్లో సన్మానం చేసినప్పుడు శాలువా నాకు కప్పారు. అక్క వంట దగ్గర ఉంది. ఇంతకంటే ఆ సంగతి రాయను. అక్క ఇది చదువుతుంది.

సాహిత్యం పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట. 1848లో పూణేలో సావిత్రీబాయి, జోతీరావు ఫూలేలు ఆడపిల్లల బడి పెట్టారని మీ అందరికీ తెలుసు. జనవరి 3న దండలు వేస్తాం. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆ రోజును మహిళా ఉపాధ్యాయుల దినోత్సవంగా ప్రకటించింది కూడా. కానీ ఆ బడి సాధించిన అతి పెద్ద మైలురాయి ఏది? నా దృష్టిలో 1855. ఆ ఏడాది ముక్తా సాల్వే అనే విద్యార్థిని రాసిన వ్యాసం "జ్ఞానోదయ" పత్రికలో అచ్చయింది. మాంగ్ కులపు పిల్ల, మన మాదిగల్లాంటి కులం. మాంగ్, మహర్ల దుఃఖం గురించి రాసింది. వేదం మాది కాదంటున్నారు, మరి మా మతమేదో చెప్పమని అడిగింది. మా ఆడవాళ్లు తలదాచుకోను కప్పు కూడా లేకుండా ప్రసవిస్తున్నారని రాసింది. బడిపిల్ల రాసిన వ్యాసం అది. ఆ బడి ఎంత శాతం సాధించిందో ఎవరికీ గుర్తులేదు. ఆ పిల్ల బడిలో నిలబడింది కాబట్టి ఆ వ్యాసం ఉంది. 170 ఏళ్లు దాటినా చదువుతున్నాం.

మన దగ్గర దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చిన "నల్లపొద్దు" గోగు శ్యామల గారి సంపాదకత్వంలో 2003లో వచ్చింది. తెలుగులో అచ్చయిన పుస్తకాల మధ్య అది ఎంత ఆలస్యంగా వచ్చిందో తలచుకుంటే, ఎంతమంది ముక్తా సాల్వేలను మనం తొమ్మిదో తరగతిలో పోగొట్టుకున్నామో అనిపిస్తుంది. రాయడం రాక కాదు. రాసే వయసులో బడిలో లేరు.

1942 జులై 20న నాగపూర్‌లో అణగారిన వర్గాల మహిళల మహాసభలో బాబాసాహెబ్ ఏం చెప్పారు? ఒక జాతి ఎంత ముందుకు పోయిందో తాను ఆ జాతి ఆడవాళ్లను చూసి కొలుస్తానన్నారు. పెళ్లికి తొందరపడొద్దని కూడా అదే సభలో చెప్పారు. మొదటి మాట మన ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంటుంది. రెండో మాట ఎక్కడా కనపడదు.

ఇంకో మైలురాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో విద్యార్థిని. అందరం పొంగిపోయాం. పొంగాల్సిందే. కానీ ఆ వయసు చూడండి. మన పిల్లలు రిజిస్టర్‌లోంచి మాయమయ్యే వయసు అది. పూర్ణ శిఖరం మీద ఉండటానికి ముందు, ఆ వయసులో ఆమె ఒక బడిలో ఉంది. రాత్రి పడుకోవడానికి మంచం, మూడు పూటలా అన్నం, ఇంటికి రమ్మని ఎవరైనా అంటే అడ్డుపడే టీచరు ఉన్న బడి. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖలో కూర్చుని 1980ల్లో ఆ గురుకులాల కోసం పట్టుబట్టకపోతే ఆ మంచం లేదు. శిఖరం ఫోటో ఫ్లెక్సీ మీద వేశాం. మంచం సంగతి మర్చిపోయాం.

సరే, నన్ను ఏమంటారో నాకు తెలుసు. వాటికి జవాబు చెప్పి ముగిస్తాను.

ర్యాంకు వచ్చిన పిల్లను మెచ్చుకోవద్దంటావా మేడం అంటారు. మెచ్చుకోండి. మన పిల్లకు 570 వస్తే నేనూ స్టేటస్ పెడతాను. ఒక పిల్ల పేరు మైకులో వినపడితే పక్కింటి పిల్ల తండ్రి ఇంకో ఏడాది ఆగుతాడు, అది నేను చూశాను. నేను అడిగేది ఆ పేరు తర్వాత ఇంకో వాక్యం చదవమని.

టీచర్లను తప్పు పడుతున్నావా అంటారు. లేదు. మధ్యాహ్న భోజనం ఫోటో, హాజరు ఫోటో తీసి యాప్‌లో పెట్టడానికే వాళ్ల పొద్దు గడిచిపోతోంది. ఆ హెచ్చెమ్ గారిని నేను అడిగితే అడ్మిషన్ రిజిస్టర్ తీసి చూపించారు. ఆరులో చేరినవాళ్ల పేర్ల ఎదురుగా కొన్ని చోట్ల ఎర్ర సిరాతో "టి.సి. తీసుకుంది". కొన్ని చోట్ల "దీర్ఘకాల గైర్హాజరు". ఎంతమందో నేను రాయను, రాస్తే బడి తెలిసిపోతుంది. కానీ ఎర్ర సిరా ఉన్న పేర్లలో ఎక్కువ మన పేటవే. ఆవిడ "ఇద్దరి ఇళ్లకు వెళ్లానమ్మా, మూడో ఇంటికి వెళ్తే నాకెందుకన్నారు" అంది. ఒక్క మనిషి ఎన్ని ఇళ్లు తిరుగుతుంది? తిరగాల్సింది ఎవరు?

మనం. ఇదీ నా అసలు మాట. ఏప్రిల్ 14న మన సంఘాలన్నీ విగ్రహానికి పూలదండ వేసి, 500 దాటిన పిల్లలకు షీల్డులు ఇచ్చి, భోజనాలు పెట్టి ఇంటికి వెళ్లాం. ఒక్క సంఘమైనా "ఈ పేట నుంచి ఆరులో ఎంతమంది చేరారు, పది ఎంతమంది రాశారు" అని అడిగిందా? మన పేటలో ఏ ఇంట్లో ఏ పిల్ల మానేసిందో మనకు తెలియదా? పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చాం కదా. మండపం దగ్గర జై భీమ్ అని పలకరించుకున్నాం కూడా. అగ్రకులం మీద వేలెత్తే హక్కు నాకు ఉంది, ఆ వేలు దించను. కానీ ఆ పిల్ల మెడలో నల్లపూసలు వేసింది అగ్రకులం కాదు. మన చేతులే.

అంకె అడిగితే బడులు దొంగ లెక్కలు రాస్తాయి అని కొందరంటారు. రాయొచ్చు. అందుకే ఆ అంకెను పైఅధికారి అడిగితే చాలదు. పేట అడగాలి. పైఅధికారికి అంకె చాలు. పేటకు ఆ పిల్ల పేరు తెలుసు.

కాబట్టి చేయాల్సింది ఇది.

ఒకటి. వచ్చే వార్షికోత్సవంలో ప్రతి బాలికల హైస్కూల్ నివేదికలో రెండు అంకెలు చదవాలి. ఐదేళ్ల కింద ఆరులో ఎంతమంది చేరారు, ఈ ఏడాది పదికి ఎంతమంది ఫీజు కట్టారు. తేడా ఉంటే ఆ పిల్లలు ఎక్కడున్నారు. వేరే బడికి వెళ్లినవాళ్లు వేరు, మానేసినవాళ్లు వేరు. తల్లిదండ్రుల కమిటీలో మనవాళ్లు ఉన్నారు కదా, తీర్మానం పెట్టండి. రెండు నిమిషాల పని.

రెండు. ఈ మే నెల. పది రాసిన పిల్లకు అన్నిటికంటే ప్రమాదకరమైన నెల ఇది. బడి లేదు, ముహూర్తాలున్నాయి. ఫెయిలైన పిల్లకు ఇంకా ప్రమాదం, "ఇంక చదువెందుకు" అనే మాట సిద్ధంగా ఉంటుంది. 2025లో సప్లిమెంటరీ పరీక్షలు మే 19న మొదలయ్యాయి. డిగ్రీ చదువుతున్న ప్రతి తమ్ముడూ, చెల్లెలూ తమ పేటలో ఫెయిలైన ఒక్క పిల్లను పట్టుకోండి. ఫీజు కట్టించండి. లెక్కలు, సైన్సు పదిహేను రోజులు చెప్పండి. పెళ్లి కుదిరిందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. మన కులమే కదా అని ఊరుకోకండి, మన కులమే కాబట్టి చేయండి.

మూడు. తొమ్మిది మొదలయ్యే జూన్‌లో, తల్లి గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల జాబితా రాసుకోండి. ఆ పిల్లలకు కస్తూర్బా విద్యాలయం గానీ గురుకులం గానీ హాస్టల్ గానీ దొరుకుతుందేమో ముందే చూడండి. ఆ అమ్మమ్మకు ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టడం రాదు. మీకు వచ్చు.

నాలుగు. చిన్న విషయంలా కనిపిస్తుంది. వార్షికోత్సవంలో ముందు వరస కుర్చీలు అమ్మమ్మలకు ఇవ్వండి. ఫోను పైకెత్తి పట్టుకోనవసరం లేకుండా అక్కడి తల్లికి కూతురు కనపడుతుంది. ఫ్యాను ఇచ్చిన దాత రెండో వరసలో కూర్చుంటే ఫ్యాను తిరగడం మానదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పకుండా ముగించలేను. మార్చిలో ఇద్దరు సహోద్యోగులతో కలిసి ఆ ఇంటికి వెళ్లాను. చట్టం ఏం చెప్తుందో చెప్పాను. 2006 చట్టం ప్రకారం ఆ పెళ్లిని రద్దు చేయమని ఆమె కోర్టును అడగొచ్చని, మేజరయ్యాక కూడా రెండేళ్ల దాకా ఆ హక్కు ఉంటుందని చెప్పాను. ఆమె వినింది, ఏమీ అనలేదు. ఓపెన్ స్కూల్లో చేరి పది రాయొచ్చని చెప్పాను. అప్పుడు తలెత్తింది. అత్తగారు "చూద్దాం" అంది. మన భాషలో చూద్దాం అంటే ఏమిటో మీకు తెలుసు. ఆధార్ కార్డు, పాత బడి రికార్డు సిద్ధం చేసి ఉంచాం. కువైట్‌లో ఉన్న తల్లితో మాట్లాడాను. ఆవిడ చాలాసేపు ఏడ్చి, "ఫీజు నేను పంపిస్తానండి, మీరు మా అత్తతో మాటాడండి" అంది. అడ్మిషన్లు మొదలయ్యాక మళ్లీ వెళ్తున్నాం. ఏమవుతుందో తర్వాతి వ్యాసాల్లో రాస్తాను. బాగా జరగకపోయినా రాస్తాను.

బయల్దేరేటప్పుడు ఆమె నా ఫోను అడిగింది. ఆ రోజు నేను తీసిన టెన్త్ గ్రూప్ ఫోటో చూపించమంది. వేలితో పెద్దది చేసుకుంటూ ఒక్కొక్కరి పేరూ వరసగా చెప్పింది. నలభై దాకా పేర్లు, ఒక్కటీ తప్పలేదు.

కలువపువ్వు సెంటర్ నుంచి ఈ వారం ఎవరైనా వెళ్తే ఫ్లెక్సీల మీద పిల్లల్ని చూసి సంతోషించండి. తర్వాత మీ పేటకు వెళ్లి ఫ్లెక్సీలో లేని పిల్లను వెతకండి.

జై భీమ్.
జై సావిత్రీబాయి.